బాగుందని రాసుకున్న గోడ

మా బడి గోడ బాగుందని ప్రభుత్వాన్ని నమ్మించడానికి నాకు రెండు రోజులు పట్టింది. బాగాలేదని నమ్మించడానికి నాలుగు నెలలు పట్టింది. రెండు పనులూ నేనే చేశాను కాబట్టి ఎవరినీ తిట్టడానికి లేదు. అయినా అప్పుడప్పుడూ తిడుతుంటాను.

నాది ప్రాథమిక పాఠశాలలో హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగం. కాపురం హిందూపురంలో, బడి పెనుకొండకు ఇంకా ముందే ఒక పల్లెలో. పల్లెకు ఆనుకుని బెంగళూరు పోయే నాలుగు లైన్ల రోడ్డు ఉంది. ఊరూ, మా బడీ రోడ్డుకు ఇవతల. హైస్కూలు అవతల. మాకు గదులు రెండు, తరగతులు ఐదు, టీచర్లం ఇద్దరం. ఒకటీ రెండూ తరగతులు ఒక గదిలో, మిగిలిన మూడూ ఇంకో గదిలో. చిన్నపిల్లల గదిలో కిటికీ కింద నుంచి పైకప్పు దాకా గోడ బీట వారింది. బొటనవేలు దూరేంత సందు. పిల్లలు అందులో పెన్సిల్ ముక్కలు, చింతపిక్కలు దాచుకునేవాళ్లు. వాన పడిన రోజు ఆ గోడ వైపు కూర్చోవద్దని చెప్పేదాన్ని. మా వైపు వాన ఎప్పుడో గానీ పడదు కాబట్టి అది పెద్ద ఇబ్బందిగా తోచలేదు.

ఆ ఏడు దసరా సెలవులు ముగియగానే హెడ్‌మాస్టర్లందరినీ ధర్మవరానికి పిలిచారు. మీటింగు ఒక కల్యాణ మండపంలో. ముందురోజు పెళ్లి తాలూకు బంతిపూల దండలు వేదిక మీద ఇంకా వేలాడుతున్నాయి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే చోట ఒక అధికారి కూర్చుని, కొత్త గదులు ఏ బడికి ముందు ఇస్తారో వివరించాడు. వినడానికి చాలా న్యాయంగా ఉంది. ఇంజనీరు ప్రతి బడికీ వచ్చి, ప్రతి గదినీ ఫొటో తీసి, ఫోనులో నాలుగు మాటల్లో ఒకటి నొక్కుతాడు: బాగుంది, చిన్న రిపేరు, పెద్ద రిపేరు, కూల్చాలి. ఆ మాటనూ, పిల్లల సంఖ్యనూ, గదుల సంఖ్యనూ కలిపి మార్కులు వేస్తారు. మార్కులు ఎక్కువ వచ్చిన బడికి మొదటి విడతలో నిధులు, తర్వాతి బడికి రెండో విడతలో. మూడో విడత అనేది ఊరికే మర్యాదకు అనే మాటని నా పక్కన కూర్చున్న నల్లచెరువు హెడ్‌మాస్టరు గుసగుసగా చెప్పాడు. ఆయన అంతకు ముందు వచ్చిన రెండు పథకాల్లోనూ మూడో విడతలో ఉన్నవాడు.

వెనక నుంచి ఒకాయన లేచాడు.

"సార్, మా బడికి అసలు గదే లేదు. యాపచెట్టు కింద చెప్తాండాం. నాలుగిట్లో మాకేది వస్తాది?"

అధికారి కాసేపు ఆలోచించి, గది లేకపోతే గది పరిస్థితి అనే గడి ఖాళీగా వదిలేయమన్నాడు. ఖాళీగా వదిలితే ఎన్ని మార్కులని ఆయన అడిగాడు. సున్నా అన్నారు. ఆయన థాంక్స్ చెప్పి కూర్చున్నాడు.

అప్పటిదాకా నిద్ర ఆపుకుంటున్న నేను ఆఖరి మాటకు సరిగ్గా లేచి కూర్చున్నాను. ఐదు తరగతులూ నడవాలంటే బడికి కనీసం మూడు గదులు ఉండాలట, లేదంటే మంజూరన్నా అయి ఉండాలట. వచ్చే జూన్ నాటికి మూడో గది లెక్కలో లేని బళ్లలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గరి హైస్కూల్లో కలిపేస్తారట. మాకు దగ్గరి హైస్కూలంటే రోడ్డు అవతలిదే.

ఊరికి వచ్చి తల్లిదండ్రుల మీటింగు పెట్టి ఈ మాట చెప్పాను. అందరికంటే ముందు లేచింది ఒక అవ్వ. రెండో తరగతి చదివే మేస్త్రీ కూతురికి నాయనమ్మ. ఆ పిల్ల తల్లి తెల్లవారగానే కంపెనీ బస్సెక్కి హిందూపురం బట్టల ఫ్యాక్టరీకి పోయేది. మేస్త్రీ ఏ ఊర్లో గోడ లేస్తుంటే ఆ ఊర్లో ఉండేవాడు. పిల్లను సాకేది అవ్వే.

"ఆ రోడ్డు మీద నావి రెండు మేకలు పోయినాయి టీచరమ్మా," అంది అవ్వ. "మేకలనే దాటించలేకపోతి. ఇంత పిల్లను నేను పంపను. మూడో తరగతి ఈడుంటే సదువుతాది, ల్యాకుంటే నా యెంట మేకలకాడికి వస్తాది."

బెదిరించినట్టు కాదు, సాయంత్రం ఏం వండుతుందో చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు భయమేసింది. ఆ పిల్ల, నాయన తెచ్చిన ఖాళీ సిమెంటు సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ, ఒకటో తరగతి సగంలోనే వాచకం చదివేసింది. ఇరవై ఏళ్ల నౌకరీలో అలాంటి పిల్లలు నాకు తగిలింది ముగ్గురో నలుగురో. మా ఇంట్లో పిల్లలు కూడా అలా చదవలేదు. ఆ పిల్లను మేకల వెంట పంపడానికి నాకు మనసొప్పలేదు. మూడో గది ఎలాగైనా రావాలనుకున్నాను. వారం తిరక్కముందే ఇంజనీరు వస్తున్నాడని కబురొచ్చింది.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పాలి. బడికి పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే ఇరవై ఏళ్లుగా నేను చేసే పని ఒక్కటే. ఊడ్పించడం, కడిగించడం, కాలు విరిగిన బెంచీని వెనక్కి తోయించడం, ఎక్కాలు రాని వాళ్లను ఎక్కాలు వచ్చిన వాళ్ల చాటున కూర్చోబెట్టడం. వచ్చేవాళ్లు తప్పులు పట్టడానికి వస్తారు, మనం దాచడానికి ఉంటాం. ఈసారి వచ్చేవాడు తప్పు చూసి గది ఇచ్చేవాడని ధర్మవరంలో నా చెవులతో విన్నాను. విన్నది తలకెక్కింది గానీ చేతులకు తెలియలేదు.

బడి కమిటీ చైర్మనుదీ అదే దారి. ఆయనది ఊర్లో పాత రైతు కుటుంబం. వేరుశనగ పండినా ఎండినా ఇంటికి వచ్చినవాళ్లకు మర్యాద తగ్గనివ్వడు.

"చుట్టమొస్తాంటే ఇల్లు అలకకుండా ఉంటామా మేడం?" అన్నాడు. "పగిలిన గోడ చూపిచ్చి గది ఇయ్యండని అడుక్కుంటే ఊరి మానం ఏం కావల్ల? ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు."

నేను తలూపాను. తలూపి ఊరుకున్నా బాగుండేది. మేస్త్రీకి కబురు పెట్టింది కూడా నేనే.

మేస్త్రీ సంతోషంగా వచ్చాడు. నా బిడ్డ చదివే బడి, కూలీ మాటెత్తద్దు అన్నాడు. పగుల్లోంచి చింతపిక్కలన్నీ తీయించి, చిన్న కంకర కూరి, సిమెంటు పెట్టి, తాపీతో రెండు రోజులు గోడను నిమిరాడు. పైన సున్నం, కింద నీలం పట్టీ. పగులు ఉన్న చోట రెండో ఎక్కం రాయించాను. అంతా అయ్యాక చూస్తే అక్కడ పగులు ఉండేదంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. బడి పెళ్లివారిల్లులా ఉంది. చైర్మను మామిడాకుల తోరణం కూడా కట్టించాడు.

వచ్చిన ఇంజనీరు చిన్న వయసువాడు. అందరూ ఏఈ సారు అనేవాళ్లు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి గదిలోకి వచ్చిన అధికారిని నేను ఆయన్నే చూశాను. నాలుగు మూలల నుంచి ఫొటోలు తీశాడు, ఉగ్గాణీ బజ్జీలూ తిన్నాడు, ఫోనులో నొక్కాడు.

"ఇట్లాంటి బళ్లుంటే మాకు పనే ఉండదు మేడం. గోడ ఎవురు చేసినారు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మేస్త్రీ ఒక అడుగు ముందుకేశాడు. ఏఈ గోడ మీద అరచేయి పెట్టి తడిమి, శభాష్ అన్నాడు. ఆ మాట ఊరంతా పాకి, ఆ నెలలోనే మేస్త్రీకి ముగ్గురు పని చెప్పారు. నేను ఫోను అద్దం మీద వేలితో సంతకం పెట్టాను. దేని మీద పెడుతున్నానో చదవలేదు.

చలికాలంలో జాబితా వచ్చింది. పెనుకొండలో గోడకు అంటించారు. మొదటి విడతలో మేం లేము, రెండో విడతలో లేము, మర్యాద విడతలోనూ లేము. విడిగా ఇంకో కాగితం ఉంది, 'గదులు బాగున్నందున అవసరం లేని బళ్లు' అని. అందులో మాది మొదటి పేరు. మొదటి విడతలో వచ్చిన బళ్లు నాకు తెలిసినవే. గోడలు నల్లబడి, గది మూలల్లో బూజు వేలాడుతూ, హెడ్‌మాస్టరుకు చీపురు కొనే ఓపిక కూడా లేని బళ్లు. వాళ్ల బద్ధకం మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

"కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడె," అన్నాడు చైర్మను. మందు ఎవరు వేశారో ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

ఆ తర్వాత పెనుకొండ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. మూడుసార్లు ఏఈ సైటు మీద ఉన్నాడు. నాలుగోసారి దొరికాడు. సంగతంతా దాచకుండా చెప్పాను. ఆయన ఫోను తీసి మా గోడ ఫొటో నాకే చూపించాడు. ఫొటోలో గోడ మరీ బాగుంది.

"కింద మీ సంతకముండాది కదా మేడం."

"ఉంది సార్. లోపల పగులుంది."

"లోపలిది ఫొటోలో పడదు మేడం. ఒకసారి బాగుందని పోయినాక మార్చల్లంటే కారణం పెట్టాల." ఆయన ఆ కారణాలు చూపించాడు. వరద, భూకంపం, అగ్నిప్రమాదం, ఇతరములు. నేను ఇతరములు నొక్కమన్నాను. మేమే పూత పూశాం అని రాయమన్నాను. రాశాడు. ఫోను ఒప్పుకోలేదు.

"పగులు కండ్లకు కనపడితే చెప్పండి, ఆదివారమైనా వచ్చి ఫొటో తీస్తా," అన్నాడు. మర్యాదస్తుడని చెప్పాను కదా.

పగులు కనపడాలంటే పూత రాలాలి. నేను రోజూ బడికి రాగానే గోడ చూసేదాన్ని, ఒక వెంట్రుకంత గీత అయినా పడుతుందేమోనని. పడలేదు. మా మేస్త్రీ పని అలాంటిది. ఉన్న రోగం పైకి తెలియనివ్వని డాక్టరు దొరికాడు నాకు. చివరికి మేస్త్రీని పిలిపించి, నువ్వే పగలగొట్టాలప్పా అన్నాను.

అతను నా ముఖం చూసి నవ్వాడు. తమాషా చేస్తున్నాననుకున్నాడు. కాదని తెలిశాక నవ్వు పోయింది.

"నేను చేసిన పని నేనే పగలగొట్టేదా మేడం? ఆ గోడ చూసే కదా నాకు పనులిచ్చినారు. మేస్త్రీ పని నాలుగు నెల్లకే ఊడొచ్చెనంటే ఇంక నన్నెవురు పిలుస్తారు? వేరేవాళ్లను పిలిపిచ్చుకోండి."

వేరే మేస్త్రీని పిలవచ్చు. కానీ ఈ ఊర్లో ఒకరు చేసిన పని మీద ఇంకొకరు సుత్తి వేయరు, వేస్తే వాళ్ల మధ్య మాటలుండవు. చైర్మను నచ్చజెప్పబోయాడు. మేస్త్రీ వినలేదు. జూన్ గురించి నేను చెప్పాను. తలొంచుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురి కంటే పూత ఎక్కువైందా అని వెనక నుంచి అనేశాను. అది అనాల్సిన మాట కాదు. పేరు పోతుందన్న భయంతో సున్నం కొట్టించినదాన్ని, అతణ్ని అనడానికి నాకేం అర్హత.

మరుసటి ఆదివారం పొద్దున చైర్మను ఫోను చేశాడు. మేస్త్రీ సుత్తీ ఉలీ తీసుకుని బడికి పోతున్నాడట. మనసు ఎలా మారిందో అతను చెప్పలేదు. అవ్వ ముందురాత్రి అన్నం పెట్టలేదని ఊర్లో అనుకున్నారు. నేను దొరికిన బస్సెక్కి వెళ్లాను. గది ముందు అవ్వ, చైర్మను, ఆ పిల్ల, ఇంకో పదిమంది ఉన్నారు.

మేస్త్రీ బెంచీలన్నీ బయట పెట్టించాడు. ఉలి ఆనించి మొదటి దెబ్బ వేశాడు. పూత కదల్లేదు. రెండో దెబ్బకూ కదల్లేదు. "చూసినారా," అన్నాడు చైర్మను వైపు తిరిగి. ఆ సమయంలో కూడా అతనికి గర్వంగానే ఉంది. ఏడో దెబ్బకో ఎనిమిదో దెబ్బకో రెండో ఎక్కం మొత్తం ఒక్క పెచ్చుగా ఊడి కింద పడింది.

బొటనవేలంత పగులు పిడికిలంత అయింది. కూరిన కంకర లోపలికి జారిపోయింది. పైన శ్లాబు దగ్గర ఇనుప చువ్వలు బయటపడ్డాయి, తుప్పు పట్టి వేపపుల్లల్లా ఉన్నాయి. గోడ అవతల ఉన్న ముళ్లకంప ఆకుపచ్చగా లోపలికి కనపడుతోంది. పైన పటారం, లోన లొటారం. మేస్త్రీ సుత్తి కింద పెట్టి, గోడకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఈ నాలుగు నెల్లూ నా బిడ్డ ఈడనే కూర్చునింది మేడం," అన్నాడు. "ఈ గోడకానుకోనే."

సిగ్గేసింది నాకు. సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది. పని చెప్పింది నేనేనప్పా అన్నాను. అతను వినిపించుకోలేదు.

నేను ఫోను చేస్తే, ఏఈ చెప్పినట్టే ఆదివారమైనా వచ్చాడు. పగులు ఎంతుందో ఫొటోలో తెలియాలి, పక్కన స్కేలు పెట్టండన్నాడు. బడి స్కేలు ఆఫీసు బీరువాలో, బీరువా తాళం హిందూపురంలో. నేను తాళం కోసం సంచి వెతుకుతుంటే, ఆ పిల్ల వచ్చి పగుల్లో చేయి పెట్టింది. మోచేతి దాకా పోయింది. అవ్వ కెవ్వుమంది. "అట్లే ఉండు పాపా," అని ఏఈ ఫొటో తీశాడు, వెంటనే పిల్లను పక్కకు లాగాడు. ఫోనులో కూల్చాలి అని నొక్కాడు. కారణం దగ్గర ఆయన ఏం రాశాడో నాకు తెలియదు. భూకంపమని రాసి ఉంటాడని నా అనుమానం.

ఆ ఫొటోతో మాకు మార్కులే మార్కులు. ఏప్రిల్ ఆఖర్లో రెండు కొత్త గదులు మంజూరయ్యాయి. ప్రభుత్వం మా అవసరాన్ని ముందుచూపుతో గుర్తించిందని శంకుస్థాపన రోజు ఒక పెద్దమనిషి మైకులో చెప్పాడు. నేను చప్పట్లు కొట్టాను. కూలే గదికి తాళం వేసి, ఒకటి రెండు తరగతుల్ని రెండో గదిలోకి మార్చి, మూడు నాలుగు ఐదు తరగతుల్ని పీర్ల చావిడిలో పెట్టాం. ఊరు కాదనలేదు. మొహర్రం పది రోజులు మాత్రం పీర్లకు చోటిచ్చి మేం అరుగు మీదికి వచ్చేవాళ్లం.

కొత్త గదులు బేస్‌మట్టం దాటి, కిటికీల పై దాకా లేచాయి. అక్కడ ఆగాయి. విడత ముగిసిందన్నారు. తర్వాత పథకం పేరు మారుతోందన్నారు. తర్వాత అనడం మానేశారు. పైకప్పు లేని గదుల్లో గోడల మీద ఊరి కోళ్లు తిరిగేవి. నెలకోసారి నా ఫోనుకు, మీ గదుల పురోగతి ఏమిటని ప్రశ్న వచ్చేది. నిర్మాణంలో ఉంది అని నొక్కేదాన్ని. నిర్మాణంలో ఉన్న గది కూడా గదిగానే లెక్క. ఆ లెక్క ప్రకారం మాకు మూడు గదులు. మూడో తరగతి ఊర్లోనే ఉండిపోయింది, దాంతోపాటు ఆ పిల్లా ఉండిపోయింది. రికార్డులో మూడేళ్లూ ఆమె చదివింది మూడో నెంబరు గదిలో. చదివింది చావిడిలో. ఐదో తరగతి అయ్యేసరికి పేపరు కింద పెట్టకుండా చదివి, అవ్వకు మార్కెట్ ధరలు చెప్పేది.

ఈ జూన్‌లో ఆమె ఆరో తరగతికి వచ్చింది. ఆరో తరగతి మా బడిలో లేదు, ఎన్ని గదులు మంజూరైనా ఉండదు. బళ్లు తెరిచిన రోజు నేను బస్సు దిగి ఊర్లోకి పోకుండా రోడ్డు పక్కనే నిలబడ్డాను. అవ్వ అప్పటికే వచ్చి ఉంది. నిద్రపోయినట్టు లేదు. కాసేపటికి ఆ పిల్ల వచ్చింది. అవ్వ కంటే జానెడు ఎత్తు పెరిగింది. అవ్వ గబుక్కున ఆమె చేయి పట్టుకుంది.

"ఇడువు అవ్వా, నేను సూసుకుంటా," అని మెల్లగా చేయి విడిపించుకుంది. నాకు నమస్తే మేడం అని చెప్పింది. కుడివైపు చూసి, రెండు లారీలు పోనిచ్చి, గబగబా నడిచి రోడ్డు మధ్యలో గన్నేరు చెట్ల దగ్గర ఆగింది. ఎడమవైపు చూసింది. ఒక బస్సు పోయింది, ఒక కారు పోయింది. పిల్ల దాటింది.

"ఆ గదులు ఎప్పుడు ముగిస్తారంట టీచరమ్మా?" అంది అవ్వ.

"తెలియదవ్వా."

"ముగిస్తే ముగించనీ, ల్యాకుంటే లేదు. పిల్ల పెరిగేదానికి మూడేండ్లు ఇచ్చినారు. నాకు అదే సాలు."

మూడేళ్లుగా ఆ గోడల్ని చూసినప్పుడల్లా నేను తిట్టుకున్నదాన్ని. ఏడుపొచ్చింది, కొంగుతో తుడుచుకున్నాను. పిల్ల వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఇద్దరం ఇంకాసేపు నిలబడ్డాం. తిరిగి చూడలేదు.